తాత ఉస్తరా మీది నెమలి

మా పెద్దబాపు పోయిండు. మా నాయనకు అన్న. ఎల్బీనగర్ల ఒక దవాఖానల మంగళవారం పొద్దుగాల పానం ఇడిసిండు. నాకు ఫోన్ చేసి చెప్పినోళ్లు లేరు, వాట్సాప్‌ల చూసిన. పెద్దబాపు అల్లుడు, అంటే మా బావ, గులాబీల నడుమ ఫోటో పెట్టి కింద రాసిండు: "పాత కత్తులను అద్దంలా మెరిపించిన మహనీయుడు." ఏడుపు రావాల్సింది పోయి ఒళ్లు మండింది. పెద్దబాపు జిందగీ అంతా ఏ పనిని చీ అన్నడో, గదే పనిని బావ ఆయన నెత్తికి రుద్దిండు.

జర ఇనుండ్రి. గడ్డం గీసే పాత మడత కత్తిని మేం ఉస్తరా అంటం. దిల్‌సుఖ్‌నగర్ల ఒక కోచింగ్ సెంటర్ మెట్ల కింద పెద్దబాపుకు మంచమంత దుకాణం ఉండె. కత్తెర్లకు సాన పట్టి బతికిండు గానీ, మనసంతా ఉస్తరాల మీదనే. ఎన్కట దొరల దేశం నుంచి ఒచ్చిన ఉస్తరాల ఉక్కు మీద సన్నటి బొమ్మలుంటయి. ఓడ, గుర్రం, పూలతీగె. కొన్నిటికి బంగారు పూత గూడ. తుప్పు పోవాలె, బొమ్మ పోవద్దు.

ఆయన పద్ధతి చూసి నవ్వనోళ్లు లేరు. బొమ్మ మీద ఆడోళ్ల గోళ్లరంగు పూస్తుండె. అది ఆరినంక, చుట్టున్న తుప్పును నూనెల ముంచిన వెదురు పుల్లతోని గీకుతుండె, దినాలకు దినాలు. ఆఖరుకు రంగు తుడిస్తే బొమ్మ ఎట్లున్నది అట్లనే బయటపడుతుండె. ఆ రంగు శీశలు ఫుట్‌పాత్ మీద కొనుక్కొచ్చేది నేనే, ఆయనకు సిగ్గు.

"తుప్పూ పైపైనే ఉంటది, బొమ్మా పైపైనే ఉంటది బిడ్డా. మిషన్‌కు రెండూ ఒక్కటే" అంటుండె.

మిషన్‌గాళ్లంటే ఆయనకు మంట. నాకైతే ఇంకా మంట. అంత పాత ఉక్కును గిర్రున తిరిగే చక్రానికి ఒత్తిపట్టి, బొమ్మంతా అరగదీసి, స్టీలు గిన్నె లెక్క చేసి ఫోటోలు పెడ్తరు. కింద వాహ్వా అనేటోళ్లు వేరే! ఒకసారి గడ్డానికి నూనె రాసుకొని ఒకాయన ఒచ్చి, "అంకుల్, మిర్రర్ ఫినిష్ కావాలి" అన్నడు. పెద్దబాపు తలెత్తలే. "అద్దమా? ఎదురుంగ ఫ్యాన్సీ షాపుల దొరుకుతది. దువ్వెన గూడ తీస్కపో" అన్నడు.

గసుంటి మనిషి నన్ను మాత్రం ఒక్క మాట అనలే. అనాల్సింది.

మా తాత పోచంపల్లిల చీరెలు నేసినోడు. ఆయన ఉస్తరా మీద బంగారు నెమలి ఉండె. దాన్ని చూసే తాత కొంగు మీదికి నెమలిని దించిండని మా ఇంట్ల చెప్పుకుంటరు. ఆ చీరెలు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు, ఉస్తరా ఒక్కటే మిగిలింది. దసరాకు పనిముట్లు పూజల పెడ్తం గదా. నాకు ఇరవై ఏండ్లప్పుడు, పెద్దబాపు మెచ్చుకోవాలని ముందే లేచి అన్నీ కడిగిన. నెమలి మబ్బుగ కనవడ్డది. పచ్చగున్నదంతా ఇత్తడే అనుకునే తెలివి నాది. దేవుని గంటను తోమినట్టు చింతపండు, ఇటుకపొడి పెట్టి బర్రబర్ర తోమిన. నీళ్లు పోసి చూస్తే నెమలి లేదు.

పెద్దబాపు ఉస్తరాను ఎల్తురుకు పట్టి తిప్పి తిప్పి చూసిండు. నేను తిట్లకు సిద్ధంగున్న. ఆయన దానికి కుంకుమ బొట్టు పెట్టి, మడిచి, "పండుగ పూట, పోయి బువ్వ తినుపో" అన్నడు. లోకాన్నంతా తిట్టే నోరు నా కాడికొచ్చేసరికి మూతవడ్డది. అంటే నేను తిట్టుకు గూడ పనికిరానా అని ఏండ్లకేండ్లు కుమిలిన. మళ్ల ఆ ఉస్తరా మొహం చూడలే.

పదకొండో దినం ఎల్బీనగర్ల బావ ఇంటికి పోయిన. ఫోటో ముంగట బల్ల మీద పెద్దబాపు దాచుకున్న ఉస్తరాలు, అన్నీ ధగధగ. వొంగి చూసిన. ఓడ లేదు, గుర్రం లేదు, ఒక్కదాని మీద గూడ గీత లేదు. ఒచ్చినోళ్లు వాటిల మొహాలు చూస్కుంటున్నరు.

"మెషిన్ మీద పెట్టించాను మరదలా. ఎంత బాగున్నాయో చూడు! మామయ్యగారికి నివాళి" అన్నడు బావ, దండ సర్దుకుంట.

నివాళట. థూ. "తాతది ఏది?" అని అడిగిన.

"అదా? దానికేదో ఎర్ర రంగు అంటుకుంది. చేత్తో ఎంత రుద్దినా పోలేదు. రేపు మెషిన్‌కిచ్చేస్తాను."

"నీ మిషన్ల మన్నువడ! ఇటియ్యి బావా" అన్న. పదిమంది చూసిన్రు. చూస్తే చూడనియ్యి.

తాత ఉస్తరాను గుంజుకొని కిటికీ కాడ మడత ఇప్పిన. నెమలి ఉండే జాగ బోడిగనే ఉంది. ఒక మూలకు మాత్రం గోరంత మచ్చ. కింద గులాబీ, దాని మీద మెరూన్, దాని మీద ఎరుపు. ఏటేటా నేను ఫుట్‌పాత్ మీద కొనిచ్చిన రంగులే, పొర మీద పొర. బావ రుద్దిన కాడ అంచు లేచింది. ఆ సందుల సన్నటి బంగారు గీతలు, నెమలి తోకల ఒక్క ఈక. నా చింతపండుకు దొరకకుండ మిగిలిన ఈక. దసరా నాడు ఆయన తిప్పి తిప్పి చూసింది గిందుకే. నేను మొత్తం పోయిందని మొహం తిప్పుకొని కూసున్న, ఆయన మిగిలినదాన్ని ఇన్నేండ్లు కాపాడుకుంట ఒచ్చిండు. మళ్ల ఎక్కడ తోముతనో అని భయపడి పూసిండనుకున్నా సరే, పూసిండు గదా.

ఉస్తరా ఇప్పుడు కొత్తపేటల మా ఇంట్ల ఉంది. ఎర్ర రంగు శీశ ఒకటి కొనుక్కొచ్చి దాని పక్కన పెట్టిన. దసరాకు లేచిన అంచు మీద ఇంకో పొర పూసి, బొట్టు పెడ్త. కడుగుడు మాత్రం కడగ.