సాగదీసి అతికించిన బీడింగు

ఎండలో నిలిపిన కారు పక్కనుంచి నడిచి పోతుంటే తలుపు మీది రబ్బరు పట్టీ వేడెక్కి ఒక వాసన వేస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, తెలంగాణ వచ్చిన మరుసటి ఎండకాలం, నల్గొండలో రేకుల కింద మా నాయిన కొత్తగా పెట్టిన కార్ డెకార్ దుకాణం కళ్ల ముందుకు వస్తుంది.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. సెలవుల్లో పొద్దున ప్రార్థన మందిరంలో పిల్లల బడి, మధ్యాహ్నం మామిడికాయ తొక్కుతో అన్నం, ఆ తర్వాత దుకాణం. తలుపులు గీసుకుపోకుండా పక్కన వేసే నల్లటి బీడింగును నాయిన కొలిచి, బ్లేడుతో కోసి, వెనుక టేపు మీది ఎర్ర పొరను తీస్తూ తలుపు పొడవునా బొటనవేలితో అదుముకుంటూ పోయేవాడు. ఆ ఎర్ర పొరలను నేనూ తమ్ముడూ వేళ్లకు చుట్టుకొని ఉంగరాలని మురిసేవాళ్లం. "గుంజకు బిడ్డా. గుంజితే వస్తది గని, తెల్లారెసరికి మల్ల ముడుసుకుంటది," అనేవాడు నాయిన.

మా సంఘంలో ఆడవాళ్లు వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు దేవునికని పక్కన పెట్టేవారు. అట్లా ఏళ్లతరబడి కూడిన బియ్యం అమ్మి, ఊళ్లలో ప్రార్థనలకు పోయే పాస్టరుగారి కోసం ఒక పాత తెల్ల కారు కొన్నారు. ఆదివారం దాన్ని ప్రార్థన చేసి దేవుని పనికి ప్రతిష్ఠించాలి. శనివారం నాయిన మూడు తలుపులకు బీడింగు వేసి, నాలుగోది నా చేతికిచ్చి బజారుకు పోయాడు. నేను అంగుళం తక్కువ కోశాను. వేరే ముక్క లేదు. ఎండకు మెత్తబడ్డ పట్టీని కొసదాకా సాగదీసి అదిమాను. నాయిన వచ్చి చూసి, "నాకన్న మంచిగేసినవ్ గద!" అన్నాడు. నేను తల ఊపాను.

తెల్లారేసరికి పట్టీ ముడుచుకుంది. ఊడిన కొస, తలుపు తీసినప్పుడల్లా నాలుకలా ఊగింది. మందిరం ముందర, ఆ బియ్యం కూడబెట్టినవాళ్లలో ఒకరైన రత్నం పెద్దమ్మ నాయినను పట్టుకుంది: "ఏం తమ్మీ, గిరాకీల బండ్లకు మంచిగనే అతికిస్తవ్, దేవుని బండికి గిట్లనా?"

"నిన్న మంచిగనే ఉండె అక్కా. టేపుదే తప్పుండొచ్చు," అన్నాడు నాయిన, నా పేరెత్తకుండా. కార్లున్న సంఘ పెద్దలు ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపుతో నాయిన చేతిపనికి మచ్చ పడింది.

మా మందిరంలో సాక్ష్యాల సమయమంటే, చాపల మీద కూర్చున్నవాళ్లలో ఎవరైనా లేచి దేవుడు చేసిన మేలో, తమ తప్పో చెప్పుకోవచ్చు. బయట బగారన్నం దించుతున్నారు, అందరికీ ఆకలి. దేవుడు చూసినదాన్ని మనుషుల దగ్గర దాచి ఏం లాభం? లేచాను.

"తక్కువ కోసింది నేనే. గుంజి అతికిచ్చింది గూడ నేనే. మా నాయినకు ఎరకలేదు."

వెనుకనుంచి పెద్దమ్మే అంది: "సరే తీ, మల్ల నువ్వే అతికియ్యి. ఈసారి జర బెత్తెడెక్కువ కొయ్యి!" చాపల మీద నవ్వులు పొంగాయి. నాయిన తల దించుకొని కళ్లు తుడుచుకున్నాడు.

ఆదివారం మా ఇంట్లో ఎవరూ పనిముట్టు పట్టరు కనుక, కారు ఆ దినం కొస ఊపుకుంటూనే ఊళ్లకు పోయింది. సోమవారం పాత జిగురంతా తుడిచి, కొత్త ముక్కను సాగదీయకుండా నేనే అదిమి, కొసను చివరగా కోశాను.

ఇప్పుడు కార్లకు అన్నీ కంపెనీలోనే బిగించి వస్తున్నాయి. దుకాణమున్న జాగాలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మందిరంలో చాపలు పోయి కుర్చీలొచ్చాయి. సాక్ష్యం చెప్పేవాళ్లు శుక్రవారంలోగా పేరు రాయించుకోవాలట. నేను ఆ పట్టీని కోసింది శనివారం. అందుకే ఇప్పటికీ పేరు రాయించను. చెప్పవలసింది ఉన్న ఆదివారం లేచి నిలబడతాను.