పై అంతస్తు అంకుల్ బేరమాడిన వాన

వాతావరణం ఎలా ఉండబోతోందో అంచనా వేసి చెప్పడం నా ఉద్యోగం. ఆఫీసులో అది అంచనా. దేశ రాజధానిలో, ద్వారకలోని మా అపార్ట్‌మెంట్ సొసైటీవాళ్లకు మాత్రం ఆ వానను నేనే సంచిలో పెట్టుకుని తిరుగుతున్నట్టు లెక్క. ఆరేసిన బట్టలు తడిస్తే నన్నే అంటారు. కారు కడిగిన రోజే దుమ్ము లేస్తే లిఫ్టులో నాతో మాట్లాడరు.

ఒక మే నెలలో పై అంతస్తు అంకుల్ నన్ను ఆ లిఫ్టులోనే పట్టుకున్నారు. రాజమండ్రి మనిషి, రిటైరయ్యారు. ఆంటీతో పెళ్లయి యాభై ఏళ్లు నిండుతున్నాయని శనివారం సాయంత్రం కింద లాన్‌లో విందు పెట్టుకున్నారు.

"శనివారం ఎలా ఉంటాదమ్మా?"

"గాలిదుమారం, ఆ వెనకే వాన రావొచ్చు అంకుల్. డెబ్బై శాతం."

"డెబ్బై మరీ ఎక్కువమ్మా. యాభై చేసుకో."

"అది నా చేతిలో లేదండీ."

"పోనీ అరవై. మనం మనం గోదావరోళ్లం."

ఈలోగా నా అంతస్తు వచ్చింది. "ఠీక్ హై, ఆలోచించుకుని చెప్పు" అన్నారు, తలుపు మూసుకుంటుండగా.

ఆంటీ మాత్రం నా మాట నమ్మి విందును కమ్యూనిటీ హాల్లోకి మార్పించారు. తీరా శనివారం సాయంత్రం ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. పైగా హాల్లో ఏసీ మొరాయించింది. పట్టుచీరలు, సూట్లు వేసుకొచ్చిన చుట్టాలు పేపరు ప్లేట్లతో విసురుకుంటూ నన్ను చూస్తున్నారు. నేను కిటికీకి అతుక్కుపోయి, ఒక్క మబ్బు పంపించమని దేవుణ్ణి వేడుకుంటున్నాను.

చివరికి అంకుల్ లేచి, "చలో, అందరూ లాన్‌లోకి!" అని ప్రకటించారు. కుర్చీలు, దోసెల పెనం, కేకు, బంగారు రంగు బెలూన్లతో చేసిన యాభై అంకె, అన్నీ ఊరేగింపుగా బయటికి వెళ్లాయి.

"అంకుల్, పడమటి వైపు ఒకసారి చూడండి" అన్నాను.

"ఇవాళ నీకు సెలవమ్మా. గులాబ్‌జామ్ తిను."

ఆయన మైకు అందుకుని "మా పెళ్లినాడు కూడా ఆకాశం ఇలాగే నిర్మలంగా..." అంటుండగా పడమర దిక్కంతా గోధుమ రంగుకు తిరిగింది. మరుక్షణం గాలి మీద పడింది. ప్లేట్లు లేచాయి. దోసె ఒకటి పెనం మీద నుంచి లేచి ఒకాయన సూటుకు అతుక్కుంది. యాభైలోని సున్నా తాడు తెంపుకుని పక్క సొసైటీ మీదుగా వెళ్లిపోయింది.

మిగిలిన అయిదును చూసి ఆంటీ, "పోన్లెండి, నలభై అయిదేళ్లు కలిసొచ్చాయి" అన్నారు.

నేను మాత్రం ఆనందం పట్టలేకపోయాను. ఎదురుచూస్తున్న చుట్టం రైలు దిగినట్టు "వచ్చింది! వచ్చింది!" అని గంతులేశాను. "వచ్చిందిలే తల్లీ, కేకు పట్టుకుని పరిగెత్తు!" అని అంకుల్ అరిచారు.

వాన మొదలయ్యేసరికి అందరం కింద పార్కింగులో ఉన్నాం. ఎవరిదో తెల్ల కారు బానెట్ మీద కేకు పెట్టాం. ఆంటీ కత్తి అందుకున్నారో లేదో, ఆ కారాయన తాళాలు ఊపుకుంటూ వచ్చి, "అంకుల్‌జీ, గాడీ నికాల్నీ హై" అన్నాడు, కారు బయటికి తియ్యాలని.

"దో మినిట్, భయ్యా" అని అంకుల్ మొదటి ముక్క అతని నోట్లో పెట్టారు. అతను నములుతూ నిలబడ్డాడు. ఆ తర్వాత తాళాలు జేబులో వేసుకుని, దోసెలు ఎక్కడున్నాయని అడిగాడు.