తడిగుడ్డ మార్చినప్పుడల్లా

ఎస్తేరమ్మగారు దివంగతులైన వార్త పోయిన మంగళవారం నాకు ఫోనులో తెలిసింది. బడిలో పదో తరగతి జవాబుపత్రాలు దిద్దుతున్నాను. చేతిలోని ఎర్రసిరా కలం అలాగే నిలిచిపోయింది. ముందురోజు సాయంత్రం దాకా విజయనగరంలో తన గదిలో, ఆ పాత చాప మీదే కూర్చుని, ఎవరి పసిబిడ్డ చేతినో పట్టుకుని, వాళ్ళమ్మకు చీవాట్లు పెడుతూనే ఉన్నారట. తెల్లవారేసరికి గుండె ఆగిపోయింది. నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. అందులో పెద్ద పాలు నా మీద నాకే.

ఆవిడను ఎరగని పాఠకులకు రెండు మాటలు చెప్పాలి. ఎస్తేరమ్మగారు ఫిజియోథెరపిస్టు. కాన్పులో భుజం ఇరుక్కుని, మెడ దగ్గరి నరాలు సాగిపోయి, చెయ్యి చచ్చుబడి పుట్టే శిశువులకు మూడు దశాబ్దాలు చికిత్స చేశారు. చికిత్స చేశారంటే ఆవిడ ఒప్పుకునేవారు కాదు. "నానేటీ సెయ్యను. నెలకోపాలి సూస్తాను. సేసీది తల్లే. నరం ఎప్పుడొస్తాదో ఆ దేవుడికే ఎరిక. అది వొచ్చీసరికి కీలు బిగిసిపోయుంటే, వొచ్చి మాత్రం ఏటి సేస్తాది?" అనేవారు. ఇంత సూటిగా ఈ వైద్యాన్ని వివరించిన వాక్యం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఇంటి దగ్గర రోజూ వ్యాయామం చేయించడం చెప్పినంత సులువు కాదు. బిడ్డ ఏడుస్తుంది. తల్లికి మనసొప్పదు. అమ్మమ్మ తాయెత్తు కడుతుంది. ఆ చెయ్యి కదిలిస్తే ఊడి వస్తుందేమోనని గుడ్డలో చుట్టి దాచేసే ఇళ్ళు నేటికీ ఉన్నాయి. అందుకే చేస్తున్నావా అని ఆవిడ ఎవర్నీ అడిగేవారు కాదు. బిడ్డ చొక్కా విప్పి చంక చూసేవారు. రోజూ చెయ్యి పైకెత్తే బిడ్డ చంక పొడిగా ఉంటుంది. ఎత్తని బిడ్డ చంకలో పాలూ చెమటా చేరి ఎర్రగా పాసిపోయి ఉంటుంది. మూడుపూటలా చేస్తున్నామని ప్రమాణాలు చేస్తున్న ఒక తండ్రితో నా ముందే అన్నారు: "ఒరే నాయినా, నువ్వు అబద్ధవాడితే ఆడు. ఈ సంక ఆడదు." ఆ మనిషి మళ్ళీ నెల తలెత్తుకుని వచ్చాడు. బిడ్డ చంక పొడిగా ఉంది.

వేళలు చెబితే ఎవరూ పాటించరని ఆవిడ మొదట్లోనే గ్రహించారు. కూలికెళ్ళే తల్లికి, చేపలమ్ముకునే తల్లికి గడియారం చూసే తీరిక ఎక్కడిది? అందుకని ఒకే సూత్రం పెట్టారు. తడిగుడ్డ మార్చినప్పుడల్లా, పొడిగుడ్డ కట్టేముందు, భుజం, మోచెయ్యి, మణికట్టు ఒక్కోటీ ఐదుసార్లు, మెల్లగా. "పిల్ల ఉచ్చపోస్తాది గదా, అదే నీకు గంట." ఆ గంటతో ఎన్ని చేతులు లేచాయో నాకు తెలుసు. లేవని చెయ్యి ఒకటి మా ఇంట్లోనే ఉంది కనుక అది మరీ బాగా తెలుసు.

మా అమ్మాయి నేను పుట్టింట ఉండగా, విజయనగరం ఆసుపత్రిలో పుట్టింది. కుడిచెయ్యి గుడ్డపీలికలా వేలాడేది. కాన్పు చేసిన డాక్టరుగారు "అదే సర్దుకుంటుంది" అని చేతులు దులుపుకున్నారు. మా అమ్మ ఇరవయ్యో రోజున నన్ను ఎస్తేరమ్మగారి గదికి లాక్కెళ్ళింది. రోజుకు పది పన్నెండు గుడ్డలు, పది పన్నెండు సార్లు వ్యాయామం. మూడో నెలకు మోచెయ్యి కాస్త వంగింది. ఆ రోజు ఆవిడ నా నెత్తిన మొట్టికాయ వేసి "మంచిదానివే" అన్నారు. అంతకు మించిన బిరుదు నాకు ఈ జన్మలో రాలేదు.

తరువాత నౌపడలో అత్తవారింటికి వెళ్ళాను. మావారు ముచ్చటపడి డైపర్ల పెట్టెలు తెచ్చారు. పది గుడ్డలు పోయి మూడు డైపర్లు మిగిలాయి. ఆ మూడుసార్లు కూడా బిడ్డ ఏడిస్తే మా అత్తగారు వచ్చి, "పసిగుడ్డునేటే అలాగ రాసి రంపాన పెడతన్నావు? ఎదిగితే అదే వస్తాది, ఒగ్గీ" అనేవారు. నేను వదిలేసేదాన్ని. రైలు ప్రయాణం కష్టమన్న సాకుతో మూడు నెలలు విజయనగరం మొహం చూడలేదు. చివరికి బయలుదేరిన ఉదయం పిల్ల చంకలో ఒత్తుగా పౌడరు అద్దాను. ఎందుకు అద్దానో నాకు తెలుసు.

ఎస్తేరమ్మగారు చంక చూశారు. పొడిగా ఉంది. చెయ్యి ఎత్తబోయారు. భుజం దగ్గర ఆగిపోయింది. అప్పుడు ఎవర్నీ అడగని ప్రశ్న నన్ను అడిగారు.

"గుడ్డ మార్చినప్పుడల్లా సేస్తన్నావా?"

"సేస్తన్నానమ్మగారూ."

ఆవిడ చూపు అప్పుడు డైపరు మీద పడింది. "రోజుకెన్ని మారుస్తన్నావు?"

"మూడు."

బిడ్డను చాప మీద పడుకోబెట్టి, మెల్లగా చొక్కా తొడిగారు. ఆ తరువాత, "తప్పు నాదే. గుడ్డ అన్నాను గానీ, ఎన్నిసార్లో సెప్పలేదు" అన్నారు. ఆ క్షణాన నేను నోరు విప్పవలసింది. మీ తప్పు కాదమ్మగారూ, నాకు తెలుసు, తెలిసే మానేశాను, ఆ మూడుసార్లు కూడా చేయలేదు అనవలసింది. అనలేదు. ఆవిడ నిందను తన నెత్తిన వేసుకుంటుంటే హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఆ తరువాత ఆపరేషన్ చేయించాం, కొంత మేలు జరిగింది. ఇప్పుడు మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఎడమచేత్తో ముత్యాల్లాంటి అక్షరాలు రాస్తుంది. జడ మాత్రం నేటికీ నేనే వేయాలి.

మొన్న ఆదివారం చర్చిలో జరిగిన జ్ఞాపకార్థ కూడికకు పిల్లను తీసుకుని వెళ్ళాను. "అదే సర్దుకుంటుంది" అన్న డాక్టరుగారు మైకు పట్టుకుని, ఆవిడ నిస్వార్థ సేవను పావుగంట సేపు కీర్తించారు. ఆవిడ బతికుండగా సకాలంలో ఒక్క బిడ్డను ఆ గదికి పంపిన పాపాన పోలేదు ఈయన. చప్పట్లు మాత్రం బాగానే మోగాయి. నేనూ కొట్టాను. ఆయనకూ నాకూ పెద్ద తేడా లేదు.

చివర్న భావనపాడు నుంచి వచ్చిన ఒక చిన్నవయసు తల్లి లేచింది. చంకన ఎనిమిది నెలల కొడుకు, రెండు చేతులతోనూ ఆమె జుట్టు పీకుతున్నాడు. ఆమె నాలుగు మాటలే మాట్లాడింది. "అమ్మగారు ఎంత తిట్టినా ఆకర్న ఒక కత సెప్పీవోరండి. నానొకపాలి ఒక తల్లికి సరిగ్గా సెప్పలేదే, నా తప్పువల్ల ఆ పిల్ల సెయ్యి బుజం దాటలేదే, ఆ తల్లి పాపం నాను సెప్పినట్టే సేసింది, నువ్వు మాత్రం గుడ్డ తడిసినా తడవకపోయినా పదిసార్లు లెక్కెట్టుకుని సెయ్యి అనీవోరు. ఆ పిల్లని తలుసుకున్నప్పుడల్లా కళ్ళు ఒత్తుకునీవోరు."

అన్నేళ్ళు. గదికి వచ్చిన ప్రతి తల్లి ముందూ ఆ మహాతల్లి నా అబద్ధాన్ని తన అపరాధంగా ఒప్పుకుంటూ వచ్చింది. నా పేరు ఒక్కసారీ ఎత్తలేదు.

మా అమ్మాయి నా వైపు తిరిగి, మెల్లగా అడిగింది. "అమ్మా, ఆ పిల్ల నేనేనా? ఎస్తేరమ్మగారి తప్పు వల్లేనా నా చెయ్యి ఇలాగయింది?"

"పద, రైలు వేళయింది" అన్నాను.

ఎస్తేరమ్మగారి వంటి మనిషి మా ప్రాంతంలో మళ్ళీ పుట్టరు. ఆ చాప మీద కూర్చుని, చంక చూసి నిజం కనిపెట్టి, ఆ నిజంతో తల్లిని చంపకుండా మళ్ళీ పనిలో పెట్టగల వాళ్ళు ఇక లేరు. ఆవిడకు పూలమాలలు వేసే అర్హత నాకు లేదు. ఆవిడ నెత్తిన నేను మోపిన నిందను దించడమే నేను అర్పించగల అశ్రునివాళి. అమ్మగారూ, తప్పు మీది కాదు. మీరు చెప్పింది నాకు అర్థమైంది, తెలిసే మానేశాను. ఈ పత్రిక ఇంటికి రాగానే ముందు మా అమ్మాయికే ఇస్తాను, ఈ పేజీ తెరిచి.