ప్రమాణం చేయని సాక్షి

మొన్న మా తమ్ముడి కూతురు సెలవులకు హోసూరు వచ్చింది. బెంగుళూరులో లా చదువుతోంది. వాళ్ళ కాలేజీలో జరిగిన ఉత్తుత్తి కోర్టును నాకు ఫోనులో చూపించింది. నల్లకోట్లు వేసుకున్న పిల్లలు, బల్ల మీద సుత్తి, పక్కన చెక్కతో చేసిన బోను. సాక్షి వేషం కట్టిన ఒక అబ్బాయి అందులోకి ఎక్కి, దేవుని సాక్షిగా అంతా నిజమే చెబుతానని గడగడా అప్పజెప్పి, కింద కూర్చున్న స్నేహితులను చూసి నవ్వాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బాగుందమ్మా అన్నాను నేను కూడా. పిల్ల మనసు నొప్పించడం ఎందుకు? కానీ ఆ అబ్బాయి ఒక్క గుక్కలో అనేసిన ఆ మాట దగ్గరే మా మేనత్త తన చేను పోగొట్టుకుంది.

మేం చిన్నగా ఉన్నప్పుడే అమ్మ పోతే, నన్నూ తమ్ముణ్ణీ పెంచింది ఆమే. మా నాన్నకు అక్క. పిల్లలు లేరు. మొగుడు పోయాక రాయకోట దగ్గర ఒక పల్లెలో మేకల మందతో, రోడ్డు పక్కన ఒక మెట్టచేనుతో బతికేది. నేను బడికి పోలేదు. సాయంత్రాలు నాన్న పలక మీద తెలుగు అక్షరాలు దిద్దించాడు, దేవుడికి దండం పెట్టడం మేనత్త నేర్పింది. ఆ రెండు చదువులతోనే ఇంతకాలం గడిచింది, ఇద్దరినీ తలుచుకోకుండా నేను పొద్దున లేవను. ఆమె పూజ చాలా చిన్నది. దొడ్డి ఊడ్చి, కాళ్ళు కడుక్కొని, గూట్లో దీపం పెట్టి, ఏమీ అడక్కుండా లేచేది. మంద మేపుకొనే మా ఇళ్ళల్లో ఒక కట్టడి ఉండేది. చేను కోసం గానీ జీవాల కోసం గానీ ఇంటిదేవుణ్ణి సాక్ష్యానికి పిలవకూడదు. పూర్వం ఎవరో పిలిచి, ఏడాది తిరక్కుండానే మందంతా పోగొట్టుకున్నారట. కృష్ణగిరి దగ్గరి పోచంపల్లి సంతలో బేరగాడెవడైనా మేక వయసు మీద దేవుడి ఆన పెట్టమంటే, మేనత్త మారుమాట లేకుండా ఆ మేకను తోలుకొని ఇంటికి వచ్చేసేది. నవ్వేవాళ్ళు నవ్వుకొనేవాళ్ళు. ఆమె పట్టించుకునేది కాదు.

తమ్ముడు లాయరు కావాలన్నది ఆమె కోరికే. బెంగుళూరు కాలేజీ నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా వాడు రాజ్యాంగం గురించి, ఇంగ్లండు జడ్జీల తీర్పుల గురించి చెప్పేవాడు. మేనత్త రాగులు విసురుతూ, అంతా అర్థమైనట్టే తలూపేది. కాలేజీల మధ్య జరిగే వాదనల పోటీలో కప్పు కూడా గెలిచాడు. ఆ పోటీల్లో ఏం జరిగిందన్నది ముందే అచ్చేసి ఇస్తారట, దాని మీద చట్టం మాట్లాడితే చాలట. సాక్షి అనే మనిషే ఉండడు కాబట్టి, భయపడేవాళ్ళూ గొంతు ఎండిపోయేవాళ్ళూ ఉండరు. కోర్టుకు పోయి చూసి రావాలని నియమం ఉండేదట గానీ, హాస్టల్లో కూర్చొనే చూసినట్టు రాసిచ్చేవాళ్ళట, మాస్టర్లు సంతకం పెట్టేవాళ్ళట. వాడు నవ్వుతూ చెబితే మేమూ నవ్వాం. చదువు ముగిసి, కొత్త నల్లకోటు వేసుకొని దొడ్డిలోకి వస్తే మేకలన్నీ బెదిరి ఒక మూలకు పోయాయి. "వాటికి తెలిసిపాయరా, నువ్వు లాయరైనావని," అంది మేనత్త.

తొంభైలు ముగిసే రోజులవి. హోసూరులో ఫ్యాక్టరీలు పెరిగి, రాయకోట దారి పొడుగునా చేలల్లో ఇళ్ళస్థలాల రాళ్ళు పాతుతున్నారు. మేనత్త మరిదికి అప్పుడు మెలకువ వచ్చింది. పంపకంలో రోడ్డు పక్క చేను తనకే వచ్చిందని, వదినకు వచ్చింది గుట్ట కింది రాతినేల అని, జాలిపడి ఇన్నాళ్ళూ రోడ్డు పక్కన మేపుకోనిచ్చానని హోసూరు కోర్టులో దావా వేశాడు. పంపకమంతా నోటిమాట మీద జరిగింది. మేనత్త మామ గట్టు మీద నిలబడి రాళ్ళు పాతించినప్పుడు చూసినవాళ్ళలో మిగిలింది మరిది, మేనత్త, ఇద్దరే. అంటే ఆమె నోరు విప్పి చెప్పడం తప్ప ఆ చేనుకు వేరే ఆధారం లేదు.

తమ్ముడు అప్పటికి కృష్ణగిరిలో ఒక పెద్ద లాయరు దగ్గర జూనియరు. వాయిదా రోజున ఆయనకు అక్కడ వేరే కేసు ఉండి, మీ అత్తే కదా, నువ్వే నడుపుకో అని పంపించాడు. మేనత్త వేయించిన శనక్కాయలు కొంగున కట్టుకొని, నన్ను తోడు పెట్టుకొని వచ్చి, గుడికి వచ్చినట్టు చెప్పులు బయట విడిచింది. ముందు వాయిదాకే మరిది బోనెక్కి, అదే ఇంటి దీపానికి దండం పెట్టి పెరిగినవాడు, దేవుని సాక్షిగా అని తడుముకోకుండా అనేశాడు. ఈసారి ఆమె వంతు. డవాలి బంట్రోతు తమిళంలో ప్రమాణం చెప్పించబోయాడు. మేనత్త పలకలేదు. ఎందుకని జడ్జి అడిగితే, చేతులు జోడించి తెలుగులోనే చెప్పింది.

"దేవుడు చూస్తానే ఉండాడు సామీ. చూసేవాణ్ణి మళ్ళా పిలిచేది యేల? నేను నిజమే చెప్తాను. ఆయన్ని మాత్రం ఈ చేన్లోకి దింపొద్దండి."

అబద్ధం చెప్పాలంటే ఎవరికైనా భయమే కదా అని అవతలి లాయరు నవ్వాడు. జడ్జి చెయ్యెత్తి ఆయన్ని ఆపి, మీరేమంటారని తమ్ముణ్ణి అడిగి, వాడివైపే చూస్తూ ఆగాడు. మంచి మనిషి, ఆయన్ని దేవుడు చల్లగా చూడాలి. తమ్ముడు లేచి, మత స్వాతంత్ర్యం మీద పెద్ద పెద్ద తీర్పుల పేర్లు ఇంగ్లీషులో ఒకదాని వెంట ఒకటి చెప్పాడు. కప్పు గెలిచిన గొంతు అది, చెవులకు ఇంపుగానే ఉంది. జడ్జి అంతా విని, ఇంకేమైనా అడుగుతారా అని మళ్ళీ ఆగాడు. ఇంకేమీ లేదన్నాడు తమ్ముడు. ప్రమాణం లేనిదే సాక్ష్యం లేదని మేనత్తను దిగమన్నారు.

బయట టీ కొట్టు దగ్గర అవతలి లాయరే వాడి భుజం మీద చెయ్యేశాడు. "ఏమి తమ్ముడూ, దేవుడొద్దంటే 'సత్యంగా చెప్తాను' అనిపిస్తే చాలు గదప్పా. చట్టంలోనే ఉండాది. జడ్జి నీ నోట్లో ఆ మాట కోసరమే కాసుకోనుండె. మీ కాలేజీలో ఇది చెప్పలేదా?" అని టీ తాగి పోయాడు. బస్సులో తమ్ముడు, "ఆ చట్టం పేరు తెలుసక్కా. పరీక్షకు రాదని మాకు వదిలేసినారు," అన్నాడు. మళ్ళీ సాక్ష్యం తీసుకోమని అర్జీ పెడతానని మేనత్తను బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు. "అబద్ధాలకోరని నలుగుర్లో అనిపించుకొంటి. ఇంగ ఆ చెక్క మీదికి ఎక్కనప్పా," అంది. తీర్పు మరిదికి వచ్చింది. గుట్ట కింద మేత లేక మంద కరిగిపోయింది. ఆఖరి రోజులు మా ఇంట్లోనే గడిపింది, తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. నా గూట్లోనే దీపం పెట్టి, ఎప్పటిలాగే ఏమీ అడక్కుండా లేచేది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు తమ్ముడు కోర్టు మానుకొని లా కాలేజీలో మాస్టరయ్యాడు. పాఠం బాగా చెబుతాడని పేరు. ఎవరు ఏ చిన్న మేలు చేసినా తలుచుకొని దండం పెట్టుకోవడం నా అలవాటు, కాని వాడు చదివిన కాలేజీని తలుచుకుంటే మాత్రం చేతులు లేవవు. బంగారంలాంటి పిల్లవాణ్ణి తీసుకొని, లోకంలోని తీర్పులన్నీ నూరిపోసి, ఎదురుగా చేతులు జోడించిన ఒక్క ముసలామెను ఏమని అడగాలో చెప్పకుండా పంపించారు.

మొన్న ఫోను పక్కన పెట్టాక కోడలిపిల్లను అడిగాను, దేవుడి పేరు చెప్పనన్న సాక్షి చేత ఏమనిపించాలో మీకు నేర్పించారా అని. పిల్ల నవ్వేసింది. "అట్లాంటోళ్ళు ఎవురుంటారత్తా ఈ కాలంలో? నాన్న కూడా ఎప్పుడూ చెప్పలేదే," అంది.

నేను లేచి దీపం పెట్టుకున్నాను. మేనత్త పోయింది, మరిదీ పోయాడు, ఆ చేనులో మిద్దెలు లేచి పాతబడుతున్నాయి కూడా. ఇన్నేళ్ళు గడిచాయి కానీ, ఆ జడ్జి మావాడి వైపు చూస్తూ ఆగిన కాస్తంత సేపు మాత్రం నాకు ఇంకా గడవలేదు.