నీళ్ల మీది అల్లుడు

శ్రీకాకుళంలో నాగావళి వంతెనకి వెళ్లే దారిలో జగన్నాధం కుట్టు దుకాణం ఉండేది. మా పిల్లల నిక్కర్ల నుంచి మా ఆవిడ జాకెట్ల దాకా అన్నీ అతని మిషను మీంచి రావలసినవే. టెర్లిన్ బట్ట అప్పుడప్పుడే ఊళ్లోకి దిగిన రోజులు. కాళ్లకి అంటుకుపోయే ప్యాంట్లు కావాలని కాలేజీ కుర్రాళ్లు వచ్చి పడేవారు. "బాబూ, ఇందులోకి దూరడం నీ వంతు, బయటికి లాగడం మీ అమ్మ వంతు" అని ముందే చెప్పి కొలతలు తీసేవాడు జగన్నాధం. సన్నగా, నిటారుగా, మెడలో టేపుతో ఉండేవాడు. పని మంచిది, మాట మంచిది. రోషం మాత్రం ఒక సైజు ఎక్కువ.

ఆ రోషం పెళ్లయిన కొత్తలోనే బయటపడింది. మొదటిసారి అత్తవారింటికి వెళ్తూ అత్తగారికి స్వయంగా జాకెట్టు కుట్టి పట్టుకెళ్లాడు. ఆ ఇళ్లలో అల్లుడికి అత్తగారు ఎదురుపడదు, తలుపు చాటునుంచే మాట్లాడుతుంది. కొలత అడగడానికి దారేదీ? పెళ్లిపందిట్లో దూరంనుంచి చూసిన అంచనాతో కుట్టేశాడు. గున్నమ్మగారి చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. కథ అక్కడితో ఆగినా బాగుండేది. బావమరిది గణపతి, అప్పటికింకా మీసం మొలవనివాడు, ఆ జాకెట్టు మేకపిల్లకి తొడిగి అరుగు మీది పెద్దల ముందు నడిపించాడు. మేకపిల్లకి అది అచ్చంగా సరిపోయింది. ఆ సరిపోవడమే జగన్నాధానికి ప్రాణం మీదికి వచ్చింది.

"ఈ ఊరి మట్టి మళ్లీ తొక్కితే నాను దర్జీనే కాదు" అని, వడ్డించిన విస్తరి దగ్గరనుంచి లేచి వెళ్లిపోయాడు. మళ్లీ తొక్కలేదు.

చాలా ఏళ్లు ఇబ్బందేమీ కనబడలేదు. గున్నమ్మగారే ఏటేటా బస్సెక్కి వచ్చి, కూతురు లక్ష్మణమ్మ దగ్గర నాలుగు రోజులుండి వెళ్లేది. ఆమెకి మోకాళ్లు పట్టేసి ఆ రాకపోకలు ఆగిపోయాకగాని ఒట్టు బరువు తెలియలేదు. ఆ ఊరినుంచి ఎవరొచ్చినా ఒకటే కబురు: అమ్మ నిన్ను చూడాలంటోంది.

"నువ్వెల్లి సూసిరా. నిన్నెవులాపినారు?" అన్నాడు జగన్నాధం.

"మొగుడు నేకుండా ఎల్తే, మీ ఆయనేడే అని ఊరంతా అడుగుతాది. ఏటి సెప్పమంటావు? మేకపిల్ల మీద కోపంతో రానేదని సెప్పనా?" అంది లక్ష్మణమ్మ.

రోషం ఆ ఇంట్లో ఒక్కరి సొత్తే కాదన్నమాట. ఆమె దుకాణంలో మిగిలిన గుడ్డముక్కలన్నీ ఏరి, తల్లికోసం బొంత కుట్టడం మొదలుపెట్టింది. పగలంతా మిషను చప్పుడు వినే మనిషికి, సాయంత్రం ఇంటికొచ్చాక చప్పుడు చెయ్యకుండా సాగే ఆ సూదిని భరించడమే కష్టంగా ఉండేదని జగన్నాధం నాతో అన్నాడు.

అరవై ఎనిమిదిలో, కార్తీకం వచ్చాక, ఇంజనీరాఫీసు ఓవర్సీయరుగారు చొక్కా కొలతలకి వచ్చి, వనభోజనాల కబుర్లు చెప్పారు. మొగలిబీలలో పడవ మొత్తం మాట్లాడుకుని, ఆయనా భార్యా ఇద్దరే షికారు చేశారట. ఎక్కడా దిగకుండా, నీళ్ల మీదే చుట్టూ తిరిగి, ఎక్కిన చోటికే వచ్చేశారట. జగన్నాధం చేతిలో టేపు ఆగిపోయింది. మొగలిబీల అంటే అతని అత్తవారి ఊరి ముందున్న పెద్ద సరస్సే. ఈ ఒడ్డున బస్సు రోడ్డు, ఆ ఒడ్డున చినమొగలి. మట్టి తొక్కకుండా ఆ ఊరిదాకా వెళ్లి, తల్లినీ కూతుర్నీ ఎదురెదురుగా నిలబెట్టే ఉపాయం ఓవర్సీయరుగారి చంకల కొలత తీస్తుండగా దొరికింది. ఆ చొక్కా చంకల దగ్గర బిగుతైందని తర్వాత ఆయన గొడవపెట్టారు, అది వేరే సంగతి.

బస్సు సగం దూరం వెళ్లాకగాని లక్ష్మణమ్మకి సంగతి చెప్పలేదు.

"అమ్మ రేవుకెలగొస్తాది? నడవనేదు కదా" అందామె.

"గణపతిగాడు ఎత్తుకొస్తాడు. పనికిమాలినవన్నీ ఎత్తుకొచ్చినోడు, తల్లిని ఎత్తుకురానేడేటి?"

"నాను పడవలో, అమ్మ గట్టు మీదా. సంతలో బేరం లాగ కేకలేసుకోవాలేటి?"

"ముకం కనబడతాది కదా" అన్నాడు. లక్ష్మణమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, ఒళ్లోని బొంతమూట సర్దుకుంది. ఇన్నేళ్లలో మొగుడు అంత దూరం రావడమే గొప్పని అప్పుడనిపించిందని మా ఆవిడతో చెప్పిందట.

రేవులో పడవ ఆదాముది. మనుషుల్ని అవతలికి దాటించడం అతని పని. పదిమందీ నిండితే గాని కదలడు. పడవ మొత్తం ఒక్కరే మాట్లాడుకోవడమంటే ఆ బీల మీద మూడు కారణాలే ఉన్నాయి. తుపాకులతో బాతుల వేటకొచ్చే ఆఫీసర్లు, అత్తారింటికి వెళ్లే కొత్త పెళ్లికూతురు, ఆస్పత్రికి మోసుకెళ్లే రోగి. ఓవర్సీయరుగారిని కూడా ఆదాము తుపాకీ మరిచిపోయి వచ్చిన ఆఫీసరు కిందే లెక్కవేశాడు.

"ఎవులికి బాగునేదు బాబూ?" అని అడిగాడు.

"అందరికీ బాగానే ఉన్నాది. షికారుకొచ్చినాం."

"ఎక్కడ దింపాల?"

"ఎక్కడా దింపొద్దు. సినమొగలి ముందునుంచి తిప్పి, మళ్లా ఇక్కడికే తెచ్చీ."

ఆదాము లక్ష్మణమ్మ వైపు జాలిగా చూశాడు. తెడ్డు తీసుకున్నాడు.

జగన్నాధం తెల్ల టెర్లిన్ చొక్కా వేసుకుని, ఇస్త్రీ మడత నలగకుండా, పడవ ముక్కు దగ్గర మేకులా కూర్చున్నాడు. చూపంతా అవతలి ఒడ్డు మీదే. బీలలో తామరాకులు ఉన్నాయో, పిట్టలు ఉన్నాయో అతనికి తెలీదు. లక్ష్మణమ్మకి అసలే బస్సులో కడుపు తిప్పింది, దానికి పడవ ఊపు తోడైంది. కళ్లు తిరిగి, పడవ అడుగు బల్లల మీద పడుకుని, తలనిండా బొంత కప్పుకుంది. కుదుపు తగలకూడదని ఆదాము నెమ్మదిగా నడిపాడు.

అవతలి అంచున తుంగ కోస్తున్న ఆడవాళ్లు ఇదంతా చూశారు. పడవ మొత్తానికి ఒకటే కుటుంబం. ముసుగుతన్ని పడుకున్న ఆడమనిషి. బిగుసుకుపోయిన మొగుడు. అడుగులో అడుగు వేస్తున్న ఆదాము. పైగా ఆ మొగుడు మేకపిల్ల అల్లుడని అందరూ పోల్చారు. అన్నేళ్లు రానివాడు ఇప్పుడెందుకొస్తాడు? తుంగ అక్కడే పారేసి గట్టెంట పరుగెత్తారు. కబురు పడవకన్నా ముందు ఊరు చేరింది.

గట్టు మీద జనాన్ని చూసి, ఇంత మర్యాద చేస్తున్నారా అనుకున్నాడు జగన్నాధం. లేచి నిలబడి కాలరు సర్దుకున్నాడు. అప్పుడు వినబడ్డాయి ఏడుపులు.

బొంత కింద లక్ష్మణమ్మ కూడా విన్నది. అందులో ఒక గొంతు తల్లిది. దిగ్గున లేచి కూర్చుంది. గట్టు మీద శోకాలు మొదలెట్టినామె రాగం మధ్యలో ఆపేసి, ఎవరివైపూ చూడకుండా వెనక్కి తప్పుకుంది. గణపతి, ఇప్పుడు గుబురు మీసాలవాడు, తల్లిని వీపు మీద మోసుకొచ్చి నీటి అంచున నిలబడి ఉన్నాడు.

"ఒలే లచ్చుమమ్మా, బాగున్నావేటే?" అంది గున్నమ్మగారు, కళ్లు తుడుచుకోకుండానే.

"నాకేటైనాదమ్మా. షికారుకొచ్చినాం."

"సికారుకొచ్చినోలు ముసుగుతన్ని పడుకుంటారేటే?"

ఆదాము పడవని గట్టువైపు తిప్పబోతే జగన్నాధం చెయ్యి అడ్డుపెట్టాడు. "సాలు. ఇక్కడే ఆపు." మోకాలిలోతు నీళ్లలో పడవ ఆగింది. తల్లికీ కూతురికీ మధ్య ఓ ఇంటి పెరడంత నీళ్లు.

సంగతి ఊరికి అర్థమవడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక తలా ఒక మాట మొదలెట్టారు. "నీళ్లడుగునున్నది మట్టి కాదేటి?" అన్నాడొక ముసలాయన. "అది బీల మట్టి. ఊరి మట్టెలగవుద్ది?" అన్నాడు ఇంకొకాయన. ఊరి పొలిమేర నీళ్లలో ఎంతవరకు వస్తుందో తేలాలంటే కరణంగారిని పిలవాల్సిందేనన్నారు. ఆ తగువులో ఎవరూ గున్నమ్మగారిని చూడలేదు.

ఆమె కొడుకు వీపు మీంచి జారి, నీళ్లలోకి నడుస్తోంది. గదిలోంచి వాకిట్లోకి రాలేని మనిషి. కూతురి మీదే చూపు పెట్టి, కొయ్యబారిన కాళ్లని ఒక్కొక్కటే ఈడ్చుకుంటూ వస్తోంది. మోకాలు మడతపడింది. ఒక పక్కకి ఒరిగింది.

జగన్నాధం దూకేశాడు. టెర్లిన్ చొక్కాతో, ఇస్త్రీ ప్యాంటుతో. ఎన్నడూ ఎదురుగా నిలబడి ఎరగని అత్తగారిని రెండు చేతులా ఎత్తేశాడు. ఆమె సిగ్గుతో ముఖంనిండా కొంగు లాక్కుంది. "ఇన్నేళ్లలో నన్నెప్పుడైనా అలగెత్తినాడేటి" అని లక్ష్మణమ్మ మా ఆవిడ దగ్గర ఇప్పటికీ సాధిస్తుంది.

అత్తగారిని కూతురి పక్కన దింపి, తనూ పడవెక్కడానికి అంచు మీద చెయ్యివేసి ఆగిపోయాడు. అంత చిన్న పడవలో అత్తగారికి ఎదురుగా ఎలా కూర్చోవడం? ఆమె దాక్కోడానికి తలుపైనా లేదు. తను ఎక్కితే ఆ కొంగు ముఖం మీంచి దిగదు. కొంగు దిగకపోతే ఇంత దూరం తెచ్చి లాభమేమిటి?

"ఆదామూ, ఈలిద్దరినీ తిప్పుకురా. తొందర నేదు" అన్నాడు.

పడవ వెళ్లిపోయింది. జగన్నాధం నీళ్లలో మిగిలిపోయాడు. వెనక ఊరు, ముందు బీల.

కాసేపటికి గణపతి ముక్కాలిపీట తెచ్చి నీళ్లలో వేశాడు. "కూకో బావా. ఈ పీట మీ ఊరి కర్రతోనే సేసింది, అపచారం నేదు." అరిటాకులో పొంగడాలు వచ్చాయి. తినేవరకు ఆకు పట్టుకుని గణపతి కూడా నీళ్లలోనే నిలబడ్డాడు.

"బావా, ఆ మేకపిల్ల..."

"దాని మాటెత్తినావంటే ఇక్కడే ముంచేస్తాను."

"అది పోయి శానా ఏళ్లైనాది. దాని మనవలున్నాయి. కొలతలు తీసుకుంటావేటి?"

జగన్నాధం నవ్వాపుకోబోయాడు. పొంగడం అడ్డంపడి, దగ్గుతో పీట ఒరిగి నడుందాకా తడిశాడు. గట్టు మీద ఊరు నవ్వింది. ఈసారి అతను లేచిపోలేదు. లేచిపోవాలన్నా పడవ లేదనుకోండి.

బీల మధ్యకి వెళ్లాక గున్నమ్మగారు కొంగు దించుకుంది. పుట్టి పెరిగింది ఆ ఒడ్డునే అయినా, బీలని ఆమె ఎన్నడూ చూడలేదట. దాటేటప్పుడు నెత్తిమీద బుట్ట, చుట్టూ జనం, దిగాక ఏం చెయ్యాలన్న ఆలోచన. "మన ఊరు ఇంత సిన్నదేటే?" అంది, తాటిచెట్ల కింద కనబడుతున్న ఆ నాలుగు ఇంటికప్పుల్నీ చూసి. కూతురు ఆమె కాళ్లు చాపించి బొంత పరిచింది. తల్లి బొంతలోని ముక్కల్ని వేలితో తడుముతూ అడిగింది.

"ఇదెవులిది?"

"ఇనస్పెక్టరుగారి చొక్కాది."

"ఇది?"

"కాలేజీ గుంటడి పేంటుది. వాడింకా డబ్బులియ్యనేదు."

గున్నమ్మగారు నవ్వి, నొప్పి మోకాలు తీసుకెళ్లి ఇనస్పెక్టరుగారి మీద పెట్టుకుంది. అంతకన్నా పెద్ద మాటలేమీ జరగలేదని లక్ష్మణమ్మ చెప్పింది. మోకాళ్లు పిసుకుతూ కూర్చుంటే, తల్లి పిట్టల్ని చూసీ చూసీ పడవ అంచుకి తల ఆన్చి నిద్రపోయింది. ఆదాము తెడ్డు పైకెత్తి, పడవని గాలికి వదిలేశాడు.

పొద్దు వాలుతుంటే తిరిగొచ్చారు. జగన్నాధం పీట మీద తాంబూలం నములుతున్నాడు. కాళ్లు నాని తెల్లబడిపోయాయి. గున్నమ్మగారు మళ్లీ ముసుగు లాక్కుని, అల్లుడికి వినబడేలా ఆదాముతో అంది. "ఆదామూ, అల్లుడుగారిని నీళ్లలోంచి లెగమను. రొంప పట్టగలదు."

గణపతి వచ్చి తల్లిని ఎత్తుకున్నాడు. లక్ష్మణమ్మ బొంత మడిచి చంకన పెట్టుకుని, పడవ అంచున నిలబడింది.

"నానుండిపోతాను, కొన్నాళ్లు."

"మీ ఆయనేడే అని అడిగితే?" అన్నాడు జగన్నాధం, పడవ ఊగకుండా పట్టుకుని.

"ఎవులడుగుతారు? పొద్దున్నించీ ఊరంతా నిన్నే సూసింది కదా." అతని భుజం మీద చెయ్యి వేసి నీళ్లలోకి దిగింది. "రేతిరి పాలు తోడెట్టుకో, మర్చిపోకు. తడిబట్టలతో పడుకోకు" అని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, తల్లి వెనకే గట్టెక్కింది. అక్కడ ఆడవాళ్లు నలుగురూ చుట్టూ మూగితే ఆమె గొంతు అందరికన్నా పైకి వినబడింది.

తను మట్టి తొక్కలేదని జగన్నాధం ఇప్పటికీ వాదిస్తాడు. నేను కాదనను, నాకు చొక్కాలు కుట్టేది అతనే.

ఆ సాయంత్రం అతను పడవెక్కి, ఖాళీ అయిన అడుగు బల్లల మీద కూర్చున్నాడు. రేవుకి పోదామా అన్నట్టు ఆదాము తెడ్డు ముంచి చూశాడు. బీల మీద ఎండ పసుపుపచ్చగా మారింది. కొంగలు గుంపులుగా వచ్చి తామరాకుల మధ్య దిగుతున్నాయి. వాటిని జగన్నాధం అప్పుడే మొదటిసారి చూశాడు.

"నన్నూ ఒకపాలి తిప్పు ఆదామూ" అన్నాడు. తడిసిన ప్యాంటు ఆరడానికి కాళ్లు బారజాపుకున్నాడు.