తమ్ముడికి పడిన పది సెకన్లు

విడపనకల్లు దగ్గర ఎండిన చెరువులో ఏటా బైకు పందేలు జరుగుతాయి. తాత కాలంలో ఎద్దుల పందేలు జరిగినప్పటి నుంచి మా ఇంటివాళ్లకు ముందు వరుసలో కుర్చీ వేస్తున్నారు. భూములన్నీ పోయినా ఆ మర్యాద పోలేదు. ఈసారీ ఇస్త్రీ చొక్కా వేసుకుని నిటారుగా కూర్చున్నాను.

మా తమ్ముడికీ కణేకల్ మెకానిక్కుకూ పోటీ పాతది. పోయినేడు మలుపులో మావాణ్ని తోసినందుకు అతన్ని పందెం నుంచే తీసేశారు. ఈ ఏడు మావాడే అతన్ని కావాలని గుద్ది పడేశాడు. మావాడికి వేసిన శిక్ష, సమయానికి పది సెకన్లు కలపడం మాత్రమే. కలిపినా గెలుపు మావాడిదే.

"ఏమప్పా, తోసినందుకు నన్ను తీసేస్తిరి. గుద్దినోనికి పది సెకన్లా?" అని మెకానిక్ అరిచాడు.

మా ఇంటి పేరుకు జంకారనుకుని లోపల కాస్త పొంగాను కూడా. అయినా అన్యాయం కనిపిస్తూనే ఉంది. లేచి తీర్పరి దగ్గరికి వెళ్లాను. అతని నాయన ఒకప్పుడు మా సేద్యం చేసినవాడు.

"మా ఇల్లని భయపడొద్దు. వాణ్నీ తీసేయ్," అన్నాను.

అతను నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "భయమేందన్నా? మీకింగ ఏం మిగిలుండాది? ఇదన్నా ఉండనీలే అనుకుంటిమి."

నా చెవులు వేడెక్కాయి. ఆ గెలుపు వద్దని చెప్పబోయేలోగా తమ్ముడు కప్పుతో వచ్చి నా కాళ్లకు మొక్కాడు. మెకానిక్ చూస్తుండగానే వాణ్ని దీవించాను. ఆ తర్వాత ఎవరి ముఖమూ చూడలేకపోయాను.