ముళ్ళెలుకకు నేను పరిచిన పక్క

మా చిన్నప్పుడు... ఓ సాయంత్రం బాపు, అంటే మా నాన్న, టిఫిన్ సంచిలోంచి గుప్పెడంత ముళ్ళ ఉండను తీసి నా ముందు పెట్టాడు. కాసేపటికి అది మెల్లగా విచ్చుకుంది. తడి ముక్కు, మిరియాల్లాంటి కళ్ళు... ముళ్ళెలుక పిల్ల!

బాపు మిర్చి మార్కెట్‌లో కాంటా వేసేవాడు. ఆ రోజు సరుకు కోసం నెక్కొండ వెళ్తే ఓ చేనుగట్టున దొరికిందట.

"తల్లి ట్రాక్టర్ కింద పడ్డదట బిడ్డా... సాదుకుంటవా?"

తొమ్మిదేళ్ళ నాకు అంతకంటే ఏం కావాలి! వెదురు బుట్ట తెచ్చాను. కింద ఏం పరవాలి? నాయనమ్మ దీపం ఒత్తులకని దాచుకున్న దూది తీసిచ్చింది.

తెల్లారి చూస్తే... దూది పోగు వెనక కాలికి బిగుసుకుని పాదం ఉబ్బిపోయింది. నాయనమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, చిన్న కత్తెరతో పోగు తెంపేదాకా నేను దాన్ని కదలకుండా పట్టుకున్నాను.

"మెత్తగుంటె చాలనుకున్న గదనే..." అని ఆమె చెంపలేసుకుంది.

ఇక పోగులు ఊడని పక్క కావాలి. మూలనున్న గోనెసంచిని పంపు కింద రెండుసార్లు ఉతికి, ఎండబెట్టి, అంచులు లోపలికి మడిచి కుట్టి మరీ పరిచాను. ఎంత గర్వపడ్డానో!

మర్నాటి నుంచి అది పాలు ముట్టలేదు. కళ్ళు తెరవలేదు. ముక్కు ఒకటే కారుతోంది. బుట్ట పట్టుకుని పశువుల దవాఖానకు పరిగెత్తాను.

"బర్రెలకైతె మందిస్త గని, దీన్ని నేనే తొలిసారి చూస్తున్న. జర ఎచ్చగ ఉంచు" అన్నాడు డాక్టర్ సార్.

వెచ్చగా ఉంచాలి కదా... ఇంకో గోనెసంచి తెచ్చి పైన కప్పాను.

మూడో రోజు ధర్మసాగర్ నుంచి మా అత్తమ్మ, బాపు చెల్లెలు, వచ్చింది. బుట్ట మీదికి వంగీ వంగకముందే వరసగా నాలుగు తుమ్ములు!

"ఓ పిల్లా! మిరపకాయ బస్తాల పండవెట్టినవా దీన్ని? నీకు కండ్లు మండుతలేవానే?"

నాకు మండలేదు. ఇంట్లో ఎవరికీ మండలేదు. బాపు చొక్కాలు, మా దుప్పట్లు, అన్నీ ఆ ఘాటులోనే ఉండేవి. అది మాకు మా ఇంటి వాసన, అంతే.

సంచులు లాగి పారేశాను. తడిగుడ్డతో దాని కళ్ళు తుడిచాను.

"ఏడుస్తె ఏమొస్తది? ఎండుటాకులు ఏరుకరా పో. అది పుట్టినకాడ గవ్వే ఉంటయి" అంది అత్తమ్మ.

ఒళ్ళో పట్టినన్ని తెచ్చి పోశాను. అది ఆకుల్లోకి దూరింది. బతుకుతుందనే అనుకున్నాను...

పొద్దున ముట్టుకుంటే ముళ్ళు లేవలేదు.

దూది చంపిందా, ఘాటా, తల్లి లేకపోవడమా... ఇప్పటికీ తేల్చుకోలేను. "నీ తప్పేం లేదు బిడ్డా" అని నాయనమ్మ ఎన్నిసార్లు అన్నా, ఒక్కసారీ నమ్మలేదు.

మొన్న మా అమ్మాయి చిట్టెలుకలాంటి హ్యామ్‌స్టర్‌ను కొనుక్కుంది. ఇప్పుడు పక్క కోసం కూడా షాపులో రంగురంగుల ప్యాకెట్లు! నేను ఒక్కోటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంటే, "మమ్మీ, బిర్యానీ కాదది" అని నవ్వింది.

మీరూ ఇలా ప్రేమకొద్దీ చేసి, తర్వాత కుమిలిపోయిందేదైనా ఉంటే రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే బాగుండు.

మట్టెవాడలో అప్పటి మా ఇల్లు లేదు, బాపు లేడు. ఇప్పుడు మార్కెట్ దారిన వెళ్తే నాకూ తుమ్ములు ఆగవు. అందరిలాగే...

అప్పుడు, ఆ బుట్ట మీద, ఒక్క తుమ్ము వచ్చి ఉంటే!